పండు తిందాం, విషాన్ని మాత్రం ఒప్పుకోవద్దు

పోయిన నెల మండల సమావేశం ముగిశాక చెట్టు కింద టీ తాగుతుంటే ఒక సభ్యుడు ఫోన్ తీసి చూపించాడు. “రోజూ పండు తింటే ఒంట్లో చేరిన సీసం, కాడ్మియం లాంటివన్నీ కడిగేసినట్టు పోతాయట. నిజమేనా అన్నా?” అని అడిగాడు. నేను జవాబు చెప్పేలోపే ఇంకో సభ్యుడు అందుకున్నాడు. ఫ్యాక్టరీ నీళ్ళు పారే వాగు పక్కన పొలం ఉన్న మనిషి ఆయన. “బాగుంది. వాళ్ళు నీళ్ళు వదులుతా ఉంటారు, మనం పండ్లు కొనుక్కుని తింటా ఉందాం” అన్నాడు.

అందరం నవ్వాం. ఇంటికొచ్చాక మాత్రం ఆ రెండు మాటలూ నన్ను వదల్లేదు. మొదటి ఆయన అడిగినదాంట్లో కొంత నిజం ఉంది. రెండో ఆయన అన్నదాంట్లో అంతకంటే పెద్ద నిజం ఉంది. ఈ నెల సంపాదకీయం ఆ రెండింటి గురించే.

ఏటి ఒడ్డు ఆడవాళ్ళు రాసిన లెక్క

బ్రెజిల్ దేశంలో అమెజాన్ అడవుల మధ్య తపజోస్ అనే నది ఉంది. ఆ ఒడ్డున బతికే జనానికి మనకు పప్పు ఎలాగో చేప అలాగ. ఆ చేపల్లో పాదరసం ఉంది. పాదరసం నరాలను, కడుపులో ఉన్న బిడ్డ మెదడును దెబ్బతీస్తుంది. మొదట అందరూ బంగారం తవ్వేవాళ్ళనే అనుమానించారు. మట్టిలోంచి బంగారాన్ని విడదీయడానికి వాళ్ళు పాదరసం వాడతారు కాబట్టి అది సహజమే. తర్వాత కెనడా, బ్రెజిల్ శాస్త్రవేత్తలు మట్టి పరీక్షలు చేస్తే ఇంకో సంగతి బయటపడింది. అడవి నరికి తగలబెట్టిన నేలల నుంచి వానకు కొట్టుకొచ్చిన మట్టితో పాటు, ఆ మట్టిలో ఎప్పటినుంచో ఉన్న పాదరసం కూడా నదిలో కలుస్తోంది. నేల కోతకు గురైతే సారం పోతుందని మనకు తెలుసు. ఒక్కోచోట నిద్రపోతున్న విషం కూడా లేస్తుందన్నమాట.

అక్కడ బ్రజీలియా లెగాల్ అనే ఊళ్ళో 26 మంది ఆడవాళ్ళు ఏడాది పాటు రోజూ ఏం తిన్నారో రాసిపెట్టారు. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఒంట్లోకి వచ్చిన పాదరసం కొంత అందులో చేరి నిలిచిపోతుంది. కాబట్టి వెంట్రుకను ముక్కలుగా కోసి పరీక్షిస్తే ఏ నెలలో ఎంత చేరిందో ఖాతా పుస్తకంలా తెలుస్తుంది. 2003లో ఆ ఫలితం అచ్చయింది. చేప ఒకే లెక్కన తిన్నా, పండ్లు ఎక్కువ తిన్నవాళ్ళ వెంట్రుకల్లో పాదరసం తక్కువగా ఉంది. తర్వాత అదే నది వెంట 13 ఊళ్ళలో 400 మందికి పైగా పరీక్షిస్తే ఫలితం అటే మొగ్గింది.

పండు ఈ పని ఎలా చేస్తోందన్నది తేలలేదు. పండులోని పీచు పేగుల్లోనే కొంత పాదరసాన్ని ఆపి బయటికి పంపుతుందేమోనని ఒక ఊహ. ఆ శాస్త్రవేత్తలు ఊరివాళ్ళను చేప మానెయ్యమని మాత్రం చెప్పలేదు. చేప మానేస్తే వాళ్ళు తినేదేముంది? పెద్ద చేప చిన్న చేపను మింగేకొద్దీ దాని ఒంట్లో పాదరసం పేరుకుంటుంది. అందుకే ఇతర చేపలను మింగే చేపలు తగ్గించి, ఆకూ పండూ తిని బతికే చేపలు ఎక్కువ తినమన్నారు. పేదవాడి కంచంలోంచి ఒకటి తీసెయ్యమనే ముందు, దాని బదులు ఏం పెట్టాలో చెప్పాలి. ఆ మాత్రం ఇంగితం మన అధికారులకూ ఉంటే బాగుండేది.

ఇనుము తలుపులోంచి దూరే దొంగ

మన ఊళ్ళకు పాదరసం కంటే సీసం, కాడ్మియం దగ్గరి శత్రువులు. పాత పెయింట్లు, బ్యాటరీలు పగలగొట్టి కరిగించే చోట్లు, ఫ్యాక్టరీల మురుగు, నగరాల మురుగు, కొన్ని రకాల ఫాస్ఫేట్ ఎరువులు వీటికి దారులు. సీసం ముఖ్యంగా పిల్లల మెదడును దెబ్బతీస్తుంది. ఇంత వరకు ఫరవాలేదు అనే మోతాదు సీసానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కాడ్మియం మూత్రపిండాల్లో చేరి ఏళ్ళ తరబడి కదలదు, తర్వాత ఎముకలను గుల్ల చేస్తుంది.

ఇక్కడ తిండి చేసే పని కాస్త స్పష్టంగా తెలుసు. మన పేగులకు ఇనుమును లోపలికి తీసుకునే తలుపు ఒకటి ఉంది. ఒంట్లో ఇనుము తక్కువైతే ఆ తలుపు ఇంకా బార్లా తెరుచుకుంటుంది. కాడ్మియం, సీసం కూడా ఆ తలుపులోంచే లోపలికి దూరతాయి. అంటే రక్తహీనత ఉన్న మనిషి, రక్తం నిండుగా ఉన్న మనిషి ఒకే అన్నం తిన్నా, రక్తహీనత ఉన్న మనిషి ఒంట్లోకే విషం ఎక్కువ పోతుంది. క్యాల్షియం తక్కువైనా సీసం విషయంలో ఇదే జరుగుతుంది. ఖాళీ కడుపుతో ఉన్నా ఇంతే. మింగిన సీసంలో పెద్దవాళ్ళ ఒంటికి పట్టేది పదో వంతు అయితే, చిన్నపిల్లలకు సగం దాకా పడుతుంది.

ఇప్పుడు మన లెక్క చూడండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత ఉన్నవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఐదేళ్ళలోపు పిల్లల్లో ఆంధ్రలో 63.2 శాతం, తెలంగాణలో 70 శాతం. నాట్లు వేసేది, కలుపు తీసేది, ఆ నీళ్ళలో మోకాళ్ళ దాకా దిగేది ఎవరు? తలుపు బార్లా తెరిచి ఉన్న ఈ మనుషులే.

పండు అక్కరకొచ్చేది ఇక్కడ. పప్పు, ఆకుకూర, రాగి, సజ్జల్లో ఉండే ఇనుము ఒంటికి అంత తేలిగ్గా పట్టదు. దాంతోపాటు విటమిన్ సి ఉంటే బాగా పడుతుంది. 100 గ్రాముల జామకాయలో విటమిన్ సి 200 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది. ఉసిరిలో అంతకంటే ఎక్కువ. బొప్పాయి, బత్తాయి, నిమ్మ కూడా మంచివే. ఖరీదు పెట్టి ఆపిల్ కొనాల్సిన పని లేదు. విటమిన్ సి వేడికి పోతుంది కాబట్టి పచ్చిగా తినాలి, అదీ భోజనంతోపాటు తింటే ఫలితం. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఉన్న ఇనుము కూడా సరిగా పట్టదు. టీ కోసం ఒక గంటన్నా ఆగాలి.

ఎక్కడ ఆగిపోతుందో కూడా చెప్పుకోవాలి

మన పత్రిక మందుల షాపు కరపత్రం కాదు కాబట్టి పండు చెయ్యలేని పని కూడా చెప్పాలి. ఎముకల్లో చేరిన సీసం దశాబ్దాలు ఉంటుంది. దాన్ని జామకాయ కడిగెయ్యదు. పండు చేసేది ముఖ్యంగా కొత్తగా వచ్చేదాన్ని కొంత తగ్గించడం. 1999లో అచ్చయిన ఒక పరిశీలనలో సిగరెట్లు తాగే 75 మంది మగవాళ్ళను మూడు జట్లు చేసి వారం పాటు విటమిన్ సి ఇచ్చి చూశారు. రోజుకు 1000 మిల్లీగ్రాములు తీసుకున్నవాళ్ళ రక్తంలో సీసం బాగా తగ్గింది. 200 మిల్లీగ్రాములు తీసుకున్నవాళ్ళకు ఏ మార్పూ రాలేదు. ఒక్క చిన్న పరిశీలన పట్టుకుని ఎగిరి గంతెయ్యకూడదు, మాత్రలు కొనుక్కోమని దీని అర్థం కాదు. మోతాదు, మనిషి, ఎదురున్న విషం ఇవన్నీ కలిస్తేనే లెక్క అని తెలుసుకోవడానికి చెబుతున్నాను.

ఇంకో జాగ్రత్త. సీసం విషం ఎక్కిందని అనుమానం ఉంటే రక్తపరీక్ష చేయించాలి, డాక్టరు దగ్గరికి పోవాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళకు కొన్ని పండ్లు పడవు. షుగరు ఉన్నవాళ్ళు ఏ పండు ఎంత తినాలో అడిగి తినాలి. ఫోన్లో వచ్చిన ప్రతిదీ వైద్యం కాదు.

నల్గొండ చింతపండు, నల్గొండ నీళ్ళు

పండుకూ విషానికీ ఉన్న సంబంధం మీద మన నేల మీదే జరిగిన పరిశోధన ఒకటుంది. ఫ్లోరైడ్ లోహం కాదు గానీ కథ ఒకటే. మన దేశంలో ఫ్లోరోసిస్ జబ్బును మొదట గుర్తించి రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో, ఇప్పటి ప్రకాశం వైపు ఊళ్ళలో. తర్వాత నల్గొండ పేరు దేశమంతా పాకింది. వంగిన నడుములు, వంకరపోయిన కాళ్ళు మనం కళ్ళారా చూసినవే.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు చింతపండు మీద దృష్టి పెట్టారు. బడి పిల్లలకు మధ్యాహ్న భోజనంతో రోజుకు 10 గ్రాముల చింతపండు చొప్పున 18 రోజులు పెట్టి చూశారు. మూత్రంలో పోయే ఫ్లోరైడ్ పెరిగింది. అంటే ఒళ్ళు దాన్ని ఎక్కువగా బయటికి నెట్టేసింది. 2002లో ఇది అచ్చయింది. మన చారు, మన పులుసు ఇంత పని చేస్తాయంటే గర్వంగానే ఉంటుంది.

కానీ ఒక్క ప్రశ్న. నల్గొండ వాళ్ళు అంతకుముందు చింతపండు తినలేదా? తరతరాలుగా తిన్నారు. అయినా నడుములు వంగాయి. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల జనం ఏళ్ళ తరబడి కొట్లాడిన తర్వాత కృష్ణా నీళ్ళు గొట్టాల్లో ఊళ్ళకు వచ్చాయి. జబ్బు వెనక్కి తగ్గింది ఆ నీళ్ళతో. చింతపండు సాయం చేసింది, మంచినీళ్ళు కాపాడాయి. ఈ తేడా గుర్తుపెట్టుకుంటే చాలు.

జపాన్ రైతులు ఏమన్నారు

కాడ్మియం గురించి ప్రపంచానికి పాఠం చెప్పింది వరి పండించే రైతులే. జపాన్‌లో తొయామా జిల్లాలో జింజూ అనే నది ఉంది. ఎగువన కమియోక గనిలో జింకు, సీసం తవ్వేవాళ్ళు. గని మురుగు నదిలోకి, నది నీళ్ళు వరి పొలాల్లోకి, కాడ్మియం బియ్యంలోకి చేరింది. పిల్లల్ని కని, పొలం పని చేసి నడివయసు దాటిన ఆడవాళ్ళకు ఎముకలు పెళుసై, గట్టిగా దగ్గినా విరిగే స్థితి వచ్చింది. నొప్పి భరించలేక “ఇతాయ్, ఇతాయ్” అని ఏడ్చేవాళ్ళు. ఆ మాటకు “నొప్పి, నొప్పి” అని అర్థం. జబ్బుకు అదే పేరు పడింది. హగినో అనే స్థానిక డాక్టరు దీనికి కారణం గని నీళ్ళని పట్టుకున్నాడు.

1968లో జపాన్ ప్రభుత్వం దీన్ని కాలుష్యం వల్ల వచ్చిన జబ్బుగా ఒప్పుకుంది. ఆ ప్రకటనలో ఒక ముఖ్యమైన మాట ఉంది. అసలు కారణం కాడ్మియం అని చెబుతూనే, కాన్పులు, పాలివ్వడం, వయసు, తిండిలో క్యాల్షియం లోటు కూడా జబ్బును ముదిరేలా చేశాయని చెప్పింది. అంటే తిండి ప్రభావం అక్కడా ఉంది. అయినా కోర్టు “మీరు సరిగా తినలేదు, అందుకే వచ్చింది” అని ఆ ఆడవాళ్ళను తిప్పి పంపలేదు. 1971లో జిల్లా కోర్టు, 1972లో పై కోర్టు గని యజమాని మిత్సుయి కంపెనీనే బాధ్యుణ్ణి చేశాయి.

తీర్పుతో రైతులు ఇంటికెళ్ళి పడుకోలేదు. వైద్యం ఖర్చు, చెడిన నేల బాగుచెయ్యడం, నిపుణులను వెంటబెట్టుకుని గనిలోకి వెళ్ళి తనిఖీ చేసే హక్కు, ఇవన్నీ ఒప్పందం రాయించుకున్నారు. ఏటా వెళ్ళి చూశారు. 1979లో మొదలైన నేల బాగుచేత 2012లో ముగిసింది. 800 హెక్టార్లకు పైగా పొలాల్లో మట్టి మార్చారు. ఒక తరం చెడగొట్టిన నేలను బాగుచెయ్యడానికి 33 ఏళ్ళు పట్టింది.

మన పొలం, మన పెరడు

మన దగ్గరా ఈ కథలు ఉన్నాయి. పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీల మురుగు నక్కవాగును ఏం చేసిందో, ఆ ఊళ్ళ రైతులు నష్టపరిహారం కోసం సుప్రీంకోర్టు దాకా ఎలా పోయారో పాత సభ్యులకు గుర్తుంది. మూసీ నీళ్ళ కింద పారాగడ్డి, ఆకుకూరలు పండించే రైతులు ఈనాటికీ ఉన్నారు. వాళ్ళను నేరస్తుల్లా చూడడం తప్పు. నగరం వదిలిన నీళ్ళే నగరానికి తిరిగి కూరగా వెళ్తున్నాయి.

మన చేతిలో ఉన్న పనులు కొన్ని చేసుకుందాం. మొక్కల్లో సాధారణంగా ఆకులు లోహాన్ని ఎక్కువగా, గింజ, పండు తక్కువగా పట్టుకుంటాయి. అనుమానం ఉన్న నీళ్ళ కింద ఆకుకూరలు తగ్గించుకోవడం మంచిది. పులుపెక్కిన నేలలో కాడ్మియం మొక్కకు తేలిగ్గా అందుతుంది. అలాంటి నేలకు సున్నం వేస్తే తగ్గుతుంది. జింకు లోపం ఉంటే సరిచెయ్యాలి, ఎందుకంటే జింకు లేని చోట మొక్క కాడ్మియం పీలుస్తుంది. పరీక్ష చేయించుకోకుండా ఫాస్ఫేట్ బస్తా మీద బస్తా గుమ్మరించడం డబ్బుకూ చేటే, నేలకూ చేటే.

మన ఇంటి తప్పు కూడా ఒప్పుకోవాలి. జామతోట ఉన్న రైతు ఇంట్లో పిల్లవాడు చిప్స్ ప్యాకెట్ తింటాడు. మంచి కాయ మార్కెట్‌కు, పగిలింది గేదెకు, ఇంట్లో వాళ్ళకు ఏమీ ఉండదు. రోజుకు 100 గ్రాముల పండు తినమని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. అంటే ఒక మోస్తరు జామకాయ. అది పండించే ఇంట్లోనే లేదు. ఒకప్పుడు ప్రతి దొడ్లో జామ, ఉసిరి, రేగు, సీతాఫలం ఉండేవి. ఇప్పుడు దొడ్డంతా సిమెంటు, మధ్యలో బండి.

కార్బైడ్ సంగతీ అంతే. కాయలు మగ్గించడానికి కార్బైడ్ వాడడాన్ని చట్టం నిషేధించింది. దాంట్లో ఆర్సెనిక్ జాడలు ఉంటాయి. విషాన్ని ఆపుతుందని తినే పండులోకే విషం పంపిస్తే ఇంకేముంది? తోట కౌలుకు తీసుకున్న వ్యాపారి చేశాడని మనం తప్పుకోలేం. ఇథిలీన్ గదులు చట్టం ఒప్పుకున్న పద్ధతి. అవి మార్కెట్ యార్డుల్లో రైతుకు అందుబాటు ధరకు ఉండాలని అడగాలి.

మనం అడగాల్సినవి

ఒకటి. 2015 నుంచి ఇస్తున్న భూసార కార్డులో 12 అంశాలు ఉన్నాయి. నత్రజని నుంచి బోరాన్ దాకా ఉన్నాయి గానీ సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ లేవు. ఫ్యాక్టరీలు, మురుగు కాలవలు ఉన్న మండలాల్లో మట్టికీ, నీళ్ళకూ ఈ పరీక్షలు ఉచితంగా చెయ్యాలి.

రెండు. ఫాస్ఫేట్ ఎరువు తయారయ్యే రాయి చాలావరకు విదేశాల నుంచే వస్తోంది. తవ్విన చోటును బట్టి అందులో కాడ్మియం ఎక్కువ తక్కువలుంటుంది. యూరప్‌లో 2022 నుంచి కిలో ఫాస్ఫేట్‌కు 60 మిల్లీగ్రాముల కాడ్మియం దాటకూడదని హద్దు పెట్టారు. మన బస్తా మీద కూడా ఎంత కాడ్మియం ఉందో తెలుగులో అచ్చు వెయ్యాలి.

మూడు. వాగులో, కాలవలో నీళ్ళ పరీక్ష ఫలితాలు నెలనెలా పంచాయతీ గోడ మీద తెలుగులో అతికించాలి. తనిఖీ జరిగినప్పుడు జపాన్ రైతుల్లా మన ప్రతినిధి కూడా లోపలికి వెళ్ళి చూడాలి.

నాలుగు. అంగన్‌వాడీ, బడి భోజనంలో రోజూ ఒక పండు ఉండాలి. అది ఆ మండలం రైతు దగ్గరే కొనాలి. పిల్లవాడికి బలం, రైతుకు నికరమైన గిరాకీ.

ఐదు. అనుమానం ఉన్న ఊళ్ళలో పిల్లలకు, గర్భిణులకు రక్తంలో సీసం పరీక్ష, ఇనుము పరీక్ష ప్రభుత్వమే చేయించాలి. ఖర్చు కాలుష్యం చేసినవాడి దగ్గర వసూలు చెయ్యాలి.

ఈ ఐదూ వచ్చే నెల మండల కార్యాలయాల్లో ఇచ్చే వినతిపత్రంలో చేరుద్దాం. ప్రతి గ్రామ శాఖా తమ ఊరి వాగు, చెరువు, బోరు నీళ్ళ సంగతి ఒక కాగితం మీద రాసి తీసుకురావాలి. నీళ్ళ రంగు ఎప్పుడు మారింది, చేపలు ఎప్పుడు చచ్చాయి, ఏ పొలంలో పైరు మాడింది, తేదీలతో సహా రాయండి. తపజోస్ ఆడవాళ్ళు రోజూ రాసిన లెక్కే శాస్త్రమైంది. మనం రాసిన లెక్క రేపు సాక్ష్యమవుతుంది.

అలాగే ఈ వానాకాలం ప్రతి సభ్యుడూ ఇంటి దగ్గర రెండు మొక్కలు పెట్టండి. ఒక జామ, ఒక ఉసిరి. సిమెంటు కొంచెం పగలగొట్టాల్సి వస్తే పగలగొట్టండి. మొదటి కాపు మార్కెట్‌కు కాదు, ఇంట్లో ఆడవాళ్ళకు, పిల్లలకు.

ఇక ఆ రోజు చెట్టు కింద అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇది. పండు తినమనే చెబుతాను, అది ఒంటికి రక్షణే. కానీ వాగులోకి విషం వదిలేవాడు “పండు తినండి” అని మనకు చెప్పే రోజు రానివ్వకూడదు. పండు మన ఇంటి పని. విషం ఆపడం వాడి బాధ్యత. దాన్ని వాడి చేత చేయించడం సంఘం పని.